తలుపు తట్టకముందే వెళ్లిన వైద్యురాలు

పిల్లలు దేవుడిచ్చిన బహుమానమని నమ్మే కుటుంబాలు మనవి. బిడ్డ పుట్టగానే మందిరానికి తీసుకెళ్లి ప్రతిష్ఠ చేయిస్తాం. పాస్టరుగారిని ఇంటికి పిలిచి పేరు పెట్టిస్తాం. మొదటి పుట్టినరోజుకు కృతజ్ఞతా కూటం పెట్టుకుని ఊరందరికీ భోజనాలు పెడతాం. కానీ ఆ బిడ్డ ఇప్పుడు ఎంత బరువుంది, కిందటి మూడు నెలల్లో ఎంత పెరిగింది, వేయించాల్సిన టీకాల్లో ఏవి మిగిలాయి అని ఎవరైనా అడిగితే చాలామందిమి తడుముకుంటాం. జ్వరమొస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తే ప్రేమ మనకుంది. ఆడుతూ పాడుతూ తిరుగుతున్న బిడ్డను డాక్టరుకు చూపించాలన్న ఆలోచన మాత్రం మనకు రాదు. బాగానే ఉన్నాడు కదా, ఎందుకు అనుకుంటాం. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో తన జీవితమంతా నడిచి చూపించిన దైవసేవకురాలు డాక్టర్ ఐడా సోఫియా స్కడర్.

రాయవేలూరు ఆసుపత్రి పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. ఇక్కడ నయం కాని జబ్బంటే కాట్పాడి స్టేషన్లో దిగి, రిపోర్టుల సంచి చంకన పెట్టుకుని ఆ ఆసుపత్రి వరండాలో కూర్చోవడం మన పెద్దల కాలం నుంచీ ఉన్నదే. ఆ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పునాది వేసింది ఐడాయే. అయితే అంతటి ఆసుపత్రిని నిర్మించిన మనిషి, రోగులే తన దగ్గరికి రావాలని ఏనాడూ గదిలో కూర్చోలేదు. జబ్బు ముదిరాక చేసేదే వైద్యమని ఏనాడూ అనుకోలేదు. ఈ సంగతి ఆమె వైద్య పుస్తకాలు తెరవకముందే నేర్చుకుంది. ఒక రాత్రి మూడుసార్లు వినిపించిన తలుపు చప్పుడు ఆమెకు ఆ పాఠం చెప్పింది.

వద్దనుకున్న దారి

ఐడా తాతగారు జాన్ స్కడర్ న్యూయార్క్‌లో పేరున్న వైద్యుడు. 1819లో ఆ ప్రాక్టీసు వదులుకుని భార్యతో సహా ఓడెక్కి సిలోను చేరారు. తర్వాత మద్రాసుకు వచ్చారు. అమెరికా నుంచి బయలుదేరిన తొలి వైద్య మిషనరీగా చరిత్ర ఆయనను గుర్తుపెట్టుకుంది. ఆయన కొడుకులు, మనుమలు ఎందరో దక్షిణ భారతంలోనే సేవ చేశారు. అలాంటి ఇంట్లో, తండ్రి పేరే పెట్టుకున్న డాక్టర్ జాన్ స్కడర్‌కు కుమార్తెగా, అన్నల తర్వాత ఒక్కగానొక్క ఆడపిల్లగా 1870 డిసెంబరు 9న రాణిపేటలో ఐడా పుట్టింది. రాణిపేట అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. 1911లో గానీ చిత్తూరు వేరే జిల్లా కాలేదు.

1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని మహా కరువు పట్టి పీడించింది. అప్పటికి ఐడా ఆరేడేళ్ల పిల్ల. తన ఈడు పిల్లలు డొక్కలెండిపోయి, పట్టెడన్నం కోసం మిషన్ ఆవరణలోకి రావడం ఆమె కళ్లారా చూసింది. ఆ దృశ్యాలు చూసినందుకు ఆమెకు సేవ మీద ఆసక్తి పుట్టి ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి జరిగింది వేరు. ఆ ఆకలి, ఆ రోగాలు, ఆ ఎండలు తనకొద్దని ఆమె గట్టిగా నిర్ణయించుకుంది. తర్వాత కుటుంబంతో అమెరికా వెళ్లి, మసాచుసెట్స్‌లో సువార్తికుడు డి.ఎల్. మూడీ స్థాపించిన నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చదువుకుంది. ఇంటిపేరు స్కడర్ అయినంత మాత్రాన మిషనరీ కానక్కరలేదన్నది ఆమె పట్టు. 1890లో తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే తిండివనం వచ్చింది. తల్లి కోలుకోగానే తిరుగు ఓడ ఎక్కడమే ఆమె ఉద్దేశం.

ఒకే రాత్రి, మూడుసార్లు

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఆమె బల్ల ముందు కూర్చుని ఉండగా ఒక బ్రాహ్మణ యువకుడు బంగళా మెట్లెక్కి వచ్చాడు. అతని భార్య చిన్న వయసు పిల్ల. కాన్పు కష్టమై ప్రాణం మీదికి వచ్చింది. ఐడా తాను వైద్యురాలిని కాదనీ, తన తండ్రిని పంపుతాననీ చెప్పింది. పరాయి మగవాడు తన భార్యను చూడడానికి ఆచారం ఒప్పుకోదని ఆ యువకుడు తలవంచుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక ముస్లిం యువకుడు వచ్చాడు. అతనిదీ అదే కష్టం, అదే నిరాకరణ. ఆ తర్వాత మరొక హిందూ కుటుంబం నుంచి ఇంకొకరు వచ్చారు. అతనూ అలాగే వెనుదిరిగాడు. ఇంట్లో మంచి డాక్టరున్నాడు, మందులున్నాయి. అయినా ఆ ముగ్గురి ఇళ్లకు సాయం చేరలేదు.

ఆ రాత్రి ఐడాకు నిద్ర పట్టలేదు. తెల్లవారాక వాకబు చేయిస్తే ముగ్గురు యువతులూ చనిపోయారని తెలిసింది. ఎంతో ప్రార్థన, ఎంతో పెనుగులాట తర్వాత ఆమె తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి, అమెరికాలో వైద్యవిద్య చదివి తిరిగి ఈ దేశానికే వస్తానని చెప్పింది.

ఈ సంఘటనను మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. దేవుని పిలుపుకు ఉదాహరణగా విన్నాం. అది నిజమే. దానితోపాటు మనం గమనించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఆ ముగ్గురు మగవాళ్లకూ భార్యల మీద ప్రేమ లేక కాదు. ఆ వేళప్పుడు మిషనరీ బంగళాకు రావడమంటే ఆ కాలంలో చిన్న విషయం కూడా కాదు. కానీ వాళ్లు తలుపు తట్టే సమయానికే ఆలస్యమైపోయింది. కష్టం గడప దాటి లోపలికి వచ్చాక తలుపు తట్టడం కన్నా, కష్టం రాకముందే ఆ ఇంటికి సాయం చేరడం ముఖ్యమన్నది ఆ రాత్రి చెప్పిన సత్యం. ఐడా మిగతా జీవితమంతా ఆ ఆలస్యంతోనే పోరాడింది.

పడకలతో తీరని పని

ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి, చివరి భాగం న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో పూర్తిచేసి 1899లో పట్టా పుచ్చుకుంది. కార్నెల్ వైద్య కళాశాల నుంచి పట్టభద్రులైన తొలి మహిళల్లో ఆమె ఒకతె. 1900 సంవత్సరం ఆరంభంలో వేలూరు చేరింది. అదే ఏడాది తండ్రి కన్నుమూశారు. ఆయన పక్కన నిలబడి పని నేర్చుకుందామనుకున్న అమ్మాయి ఒంటరిగా మిగిలింది. బంగళాలో ఒక చిన్న గదినే దవాఖానాగా మార్చుకుంది. వంటవాని భార్య సాలొమీకి పని నేర్పి సహాయకురాలిగా పెట్టుకుంది. మొదట్లో జనం జంకారు. తర్వాత తొక్కిసలాటగా వచ్చారు. తొలి రెండేళ్లలోనే దాదాపు 5,000 మందికి ఆమె వైద్యం చేసింది.

న్యూయార్క్‌కు చెందిన ఒక బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరుచుకుంది. అందులో 40 పడకలు. 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. స్త్రీలను వైద్యులుగా తయారుచేయాలన్న ఆమె ఆలోచనను ప్రభుత్వ అధికారులు మొదట తేలిగ్గా తీసుకున్నారు. ఆరుగురైనా దరఖాస్తు పెట్టుకుంటే చూద్దామన్నట్టు మాట్లాడారు. 151 దరఖాస్తులు వచ్చాయి. 1918 ఆగస్టు 12న మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్లండ్ ఆ పాఠశాలను ప్రారంభించారు. ప్రభువు సేవ చేయించుకోవడానికి కాక సేవ చేయడానికే వచ్చాడన్న సువార్త సత్యాన్నే ఆ సంస్థ తన ఆదర్శంగా పెట్టుకుంది.

చెట్టు కింద దవాఖానా

పడకలు పెరుగుతున్నా ఐడాకు తృప్తి లేదు. పల్లెల నుంచి ఎడ్లబండ్ల మీద, డోలీల్లో మోసుకొచ్చే రోగుల్లో చాలామంది చేయి దాటిపోయాక వచ్చేవాళ్లే. అందుకే ఆమె ఆసుపత్రినే దారి పట్టించింది. వేలూరుకు సుమారు 23 మైళ్ల దూరంలోని గుడియాత్తానికి వారానికొకసారి వెళ్లడం మొదలుపెట్టింది. 1909 ప్రాంతంలో ఒక చిన్న ప్యూజో కారు ఆమె చేతికొచ్చింది. గుర్రం లేకుండా, ఎద్దు లేకుండా చప్పుడు చేసుకుంటూ వచ్చే ఆ బండిని చూసి మొదట్లో పల్లె జనం దయ్యమని పరుగెత్తారట. కొన్నాళ్లకు అదే జనం దారికి అడ్డంగా నిలబడి బండి ఆపసాగారు. పుండ్లు పడ్డ కాళ్లు, పుసులు కట్టిన కళ్లు, చీము కారే చెవులు, తల్లుల చంకల్లో పాలిపోయిన పసిబిడ్డలు. అలా ఆగిన చోట్లే క్రమంగా స్థిరపడ్డాయి. ఫలానా ఊరి దగ్గర, ఫలానా చెట్టు కింద, వారంలో ఫలానా రోజున డాక్టరమ్మ బండి ఆగుతుందని చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసిపోయింది. తర్వాత వైద్య విద్యార్థినులూ ఆమెతోపాటు ఆ చెట్ల కిందికి వెళ్లి పాఠాలు నేర్చుకున్నారు.

ఆ చెట్టు కింద పని గొప్పతనం మందుల్లో లేదు. ఆ కాలంలో ఉన్న మందులే తక్కువ. గొప్పతనమంతా ఆ ఫలానా రోజులో ఉంది. ఈ వారం చూసిన బిడ్డను మళ్లీ వచ్చే వారం చూడొచ్చు. కిందటిసారి కన్నా కన్ను ఎర్రబారిందా, పుండు మానిందా, బిడ్డ తేరుకుందా అని పోల్చుకోవచ్చు. క్రమం తప్పకుండా చూసే కంటికి చిన్న తేడా కూడా తెలుస్తుంది. తిండివనంలో ఆ మూడు తలుపు చప్పుళ్లకు ఐడా ఇచ్చిన అసలు జవాబు, మన దృష్టికి, ఈ చెట్ల కిందే ఉంది.

ఆమె తర్వాత ఆ బాధ్యత మన తెలుగు బిడ్డ చేతికి వచ్చింది. 1890లో విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో వేలూరు సంస్థకు తొలి భారతీయ డైరెక్టర్ అయ్యింది. 1977లో వేలూరు వైద్యులు గ్రామీణ ఆరోగ్యం కోసం రూసా అనే విభాగాన్ని కె.వి. కుప్పంలో నెలకొల్పారు. ఆ ఊరు కాట్పాడి నుంచి గుడియాత్తం వెళ్లే దారిలోనే ఉంది. ఐడా 1960 మే నెలలో, 89 ఏళ్ల వయసులో కొడైకెనాల్‌లో ప్రభువు పిలుపు అందుకుంది. అప్పటికి పొంగు టీకా ఇంకా రాలేదు. పోలియో టీకా వచ్చి ఐదేళ్లే అయింది. ఈనాడు మనకున్న సదుపాయాల్లో పదో వంతు దొరికినా ఆమె ఎంత సంతోషించేదో!

హన్నా కుట్టిన చిన్న అంగీ

సమూయేలును దేవునికి అప్పగించిన తర్వాత తల్లి హన్నా ఏం చేసిందో మొదటి సమూయేలు గ్రంథం రెండో అధ్యాయంలో చదువుతాం. ఏటేటా బలి అర్పించడానికి షిలోహుకు వెళ్లినప్పుడల్లా ఆమె బిడ్డకు ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. కిందటేటి అంగీ ఈ ఏడు సరిపోదు. భుజాలు ఎంత పెరిగాయో, ఎత్తు ఎంత సాగిందో కొలిచి చూసుకునే తల్లికే కొత్త అంగీ కుట్టడం చేతనవుతుంది. బిడ్డను దేవునికి ఇచ్చేశాను, ఇక ఆయనే చూసుకుంటాడని ఆమె ఊరుకోలేదు. వైద్యుడైన లూకా కూడా బాలుడైన యేసు జ్ఞానంలోనే కాదు, వయసులోనూ వర్ధిల్లాడని మరిచిపోకుండా రాశాడు. బిడ్డల శరీరం ఎదగడం దేవుని దృష్టిలో చిన్న విషయం కాదు.

పిల్లల డాక్టర్లు చేసే క్రమమైన పరీక్ష కూడా ఆ అంగీ కొలత లాంటిదే. బిడ్డ బరువు, పొడవు, తల చుట్టుకొలత చూసి కార్డులో గీత గీస్తారు. పుట్టినప్పటి బరువు ఐదు నెలలకు సుమారు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. ఒక్కసారి తూచిన బరువుతో పెద్దగా తెలిసేదేమీ ఉండదు. పది నెలలప్పుడు 8 కిలోలున్న బిడ్డ పదమూడో నెలలోనూ 8 కిలోలే ఉంటే, చూడడానికి ఎంత చలాకీగా ఉన్నా ఏదో లోపముందని ఆ గీత చెబుతుంది. తిండి చాలడం లేదా, కడుపులో నులిపురుగులున్నాయా, లోపల ఏదైనా జబ్బు దాగుందా అని అప్పుడే వెతకవచ్చు. ఎముకల గూడయ్యాక వెతకడం ఎంత కష్టమో కరువు చూసిన ఐడాను అడిగితే చెప్పేది.

డాక్టరు మెడ నిలిపే వయసు, కూర్చునే వయసు, మాటలొచ్చే వయసు అడుగుతారు. చప్పుడుకు బిడ్డ తల తిప్పుతోందా అని చూస్తారు. మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే అని మనం సరిపెట్టుకునే బిడ్డల్లో కొందరికి నిజానికి చెవులు వినబడవు. మెల్లకన్ను అదృష్టమని ముద్దు చేస్తాం. ఆ కంటికి చూపు తగ్గిపోతుంటే చిన్న వయసులోనే అద్దాలో, కట్టో వేసి కాపాడవచ్చు. ఏడెనిమిదేళ్లు దాటితే బాగుచేయడం కష్టమవుతుంది. స్టెతస్కోపు పెట్టి వింటే గుండెలో రంధ్రం జాడ దొరకవచ్చు. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే రక్తహీనత పసిగట్టవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. అంటే మన సండే స్కూల్లో పాటలు పాడే పసిపిల్లల్లోనూ ఎందరో ఆ లెక్కలో ఉన్నారన్నమాట. వాళ్లెవరూ మంచాన పడలేదు. కాస్త నీరసంగా, కాస్త చిరాకుగా ఉంటారు, అంతే.

ఇక టీకాల సంగతి. పుట్టిన వెంటనే, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక, మళ్లీ ఏడాదిన్నర ప్రాంతంలో, ఐదారేళ్లప్పుడు ప్రభుత్వమే ఉచితంగా టీకాలు వేస్తుంది. మొదటి ఏడాది శ్రద్ధగా వేయించి, తర్వాతి బూస్టర్లు మరిచిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. తొమ్మిది నెలల నుంచి ఐదేళ్లదాకా విటమిన్ ఏ మొత్తం తొమ్మిది మోతాదులు పడాలి. జలుబు చేసిందనో, టీకా వేస్తే జ్వరమొస్తుందనో వాయిదా వేస్తుంటాం. మామూలు జలుబు టీకాకు అడ్డు కాదు. టీకా తర్వాత వచ్చే కొద్దిపాటి జ్వరం ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఊరూరా తిరిగి చుక్కల మందు వేసినందువల్లే 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో కేసు ఒక్కటీ రాలేదు. 2014లో భారతదేశం పోలియో రహితమని ప్రకటించారు. జబ్బు రాకముందే ఇల్లిల్లూ తిరిగి తలుపు తడితే ఎంత జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఐడా బండి ఆగే చెట్టు ఇప్పుడు మన వీధిలోనే ఉంది. అంగన్‌వాడీలో నెలనెలా పిల్లలను తూస్తారు. బిడ్డ పుట్టిన తొలి వారాల్లో ఆశా కార్యకర్త ఇంటికే వస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడి పిల్లలను ఒకసారి పరీక్షించాలి. అది పేదలకే అనుకుని మనం పక్కకు తప్పుకుంటే, పట్నంలో పిల్లల డాక్టరు దగ్గరికైనా ఒక లెక్క ప్రకారం తీసుకెళ్లాలి. మొదటి ఏడాది టీకా తేదీలనే పరీక్ష తేదీలుగా చేసుకోవచ్చు. ఆ తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా కనీసం ఆరు నెలలకొకసారి చూపించడం మంచిది.

ప్రార్థించే చేతులతోనే

నమ్మకమున్నవాళ్లకు ఈ పరీక్షలెందుకు, ప్రార్థన చాలదా అని అడిగేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ల విశ్వాసాన్ని మనం తక్కువ చేయం. కానీ ఐడా జీవితాన్ని వాళ్లు ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఆ రాత్రి ఆమె కూడా ప్రార్థనే చేసింది. ఆ ప్రార్థనకు జవాబుగా దేవుడు ఆమెనే కాలేజీకి పంపాడు. ఏళ్ల తరబడి చదివించి, మళ్లీ అదే ప్రాంతానికి తీసుకొచ్చాడు. ఆమె విశ్వాసం కారు తాళం తీసుకుని, మందుల పెట్టె ఎక్కించుకుని, ఎండలో గుడియాత్తం దారి పట్టింది. ప్రార్థించే తల్లి చేతుల్లో టీకా కార్డు ఉంటే ఆమె విశ్వాసం తగ్గిపోదు.

భయం కూడా మనల్ని ఆపుతుంది. ఏమీ లేని బిడ్డకు డాక్టరు ఏదో ఒకటి ఉందంటాడేమో, డబ్బు ఖర్చవుతుందేమో అన్న భయం. నిజమే, పేద ఇంట్లో ఒక రోజు కూలి పోవడం కూడా బరువే. ఇక్కడే సంఘం ముందుకు రావాలి. మనం రోగులకోసం ప్రార్థన కోరికల పట్టీ రాసుకుంటాం. దానితోపాటు ఐదేళ్లలోపు పిల్లల పేర్లతో ఇంకో పట్టీ ఉంచుకోవడానికి ఖర్చేమీ లేదు. స్త్రీల సమాజంలో ఇద్దరు అక్కలు ఆ బాధ్యత తీసుకుని, ఏ బిడ్డ టీకా ఎప్పుడో తల్లికి ముందు రోజు గుర్తుచేయవచ్చు. కూలి మానుకోలేని తల్లి బిడ్డను తామే తీసుకెళ్లి తూయించుకుని రావచ్చు. సంఘంలో డాక్టరో, నర్సో ఉంటే ఏడాదికి రెండుసార్లు ఆరాధన అయ్యాక మందిరం వరండాలోనే పిల్లలను చూడవచ్చు. ప్రతిష్ఠ రోజున ఆ బిడ్డను మన బిడ్డగా చూసుకుంటామని సంఘమంతా లేచి నిలబడి దేవుని ముందు ఒప్పుకున్నాం. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

బిడ్డకు జబ్బు చేసినప్పుడు మన కన్నీళ్లను దేవుడు చూస్తాడు. బిడ్డ బాగున్నప్పుడు మనం తీసుకునే శ్రద్ధను కూడా ఆయన చూస్తాడు. ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వెళ్లగానే బీరువాలో బట్టల కింద ఎక్కడో ఉన్న ఆ టీకా కార్డు బయటికి తీద్దాం. అందులో ఖాళీగా మిగిలిన గడి ఏదో చూసి, ఈ వారంలోనే బిడ్డను ఎత్తుకుని బయలుదేరుదాం.